పురుగు తినలేదు సరే... కాయ దక్కిందా?

'ఈ చికిత్సతో ఆ జబ్బు మరణాలు సగానికి తగ్గాయి!' పేపర్లో ఇలాంటి వార్త కనపడితే ప్రాణం లేచొస్తుంది. మరి ఆ జబ్బుతో పోనివాళ్లంతా బతికే ఉన్నారా? ఇంకో జబ్బుతో పోయారా? చాలామంది అడగడం మరిచిపోయే ప్రశ్న ఇది. దీనికి జవాబు వెతకడానికే గణాంక శాస్త్రంలో ఓ ప్రత్యేక విభాగం పుట్టింది.

ఆ ఇంట్లో తాతయ్యకు డెబ్భై ఎనిమిదేళ్లు. బీపీ ఉంది, షుగరు ఉంది, గుండెకు స్టెంటు వేసి చాన్నాళ్లయింది. మూత్రం సరిగా రావడం లేదని పరీక్షలు చేయిస్తే ప్రోస్టేట్ గ్రంథిలో చిన్న క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. అంతే... ఇల్లంతా గందరగోళం. 'ఎంత ఖర్చయినా సరే, ఆపరేషన్ చేయించేద్దాం' అంటాడు పెద్దకొడుకు. 'రేడియేషన్ మేలట నాన్నా' అంటాడు అమెరికా నుంచి ఫోన్లో చిన్నకొడుకు. తాతయ్య మాత్రం ఒకటే అడుగుతాడు... 'ఒరేయ్, నన్ను తీసుకుపోయేది ఇదేనని మీకెవరు చెప్పార్రా?' 'ఊరుకోండి నాన్నా, ఏం మాటలవి' అంటూ అందరూ ఆయన నోరు మూయిస్తారు.

ఇలాంటి సన్నివేశం ఏ ఇంట్లోనైనా జరిగేదే. కానీ తాతయ్య అడిగింది అపశకునం మాట కాదు. హేమాహేమీలైన గణిత శాస్త్రవేత్తలు రెండున్నర శతాబ్దాలుగా తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న. మనిషి ఒక్కడే, ప్రాణం ఒక్కటే. దానికోసం కాచుకుని ఉన్న జబ్బులు మాత్రం అనేకం. వాటిలో ఏది ముందొస్తే అది మిగతావాటికి దారి మూసేస్తుంది. గుండెపోటుతో పోయిన మనిషిని క్యాన్సర్ ఇక ఏమీ చేయలేదు. ఇలా ఒకదానితో ఒకటి పోటీపడే ప్రమాదాలనే పరిశోధకులు 'పోటీ ముప్పులు' అంటారు. వీటిని పట్టించుకోకుండా రెండు చికిత్సలను పోలిస్తే ఏమవుతుంది? మంచి మందు చెడ్డదిగా, చెడ్డ మందు మంచిదిగా కనిపించినా ఆశ్చర్యం లేదు!

మామిడితోటలో లెక్క

అదెలాగో తెలియాలంటే ఓసారి మామిడితోటలోకి వెళ్లి రావాలి. చెట్టుకు వంద కాయలున్నాయి అనుకుందాం. కోతకు ముందు ఓ గాలివాన వచ్చి యాభై కాయలు రాలిపోయాయి. మిగిలిన యాభైలో పదింటికి పురుగు పట్టింది. నలభై బుట్టలోకి చేరాయి. ఇప్పుడు చెప్పండి... పురుగు పట్టింది ఎంత శాతానికి?

తోట యజమాని నూటికి పది అంటాడు. పురుగు సంగతి చూడ్డానికి వచ్చిన నిపుణుడు నూటికి ఇరవై అంటాడు. ఎందుకంటే, పురుగు వచ్చేనాటికి చెట్టున ఉన్నవి యాభయ్యే, వాటిలో పది పోయాయి. ఇద్దరి లెక్కా సరైనదే! అడిగిన ప్రశ్నలే వేరు. 'నా పంటలో పురుగు పాలయ్యేది ఎంత?' అన్నది యజమాని ప్రశ్న. 'చెట్టున ఉన్న కాయల మీద పురుగు ప్రతాపం ఎంత?' అన్నది నిపుణుడి ప్రశ్న. నిపుణుడి జవాబును యజమాని ప్రశ్నకు అతికిస్తేనే చిక్కు. పది కాయలు పోయే చోట ఇరవై పోతాయని భయపడాల్సి వస్తుంది.

ఆస్పత్రి లెక్కల్లోనూ ఇదే జరుగుతుంటుంది. 1958లో ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్లు ఓ పద్ధతిని ప్రచురించారు. ఎవరికి వాళ్లు విడివిడిగా రాసుకున్న వ్యాసాలను కలిపి ఒక్కటిగా అచ్చువేయడం అందులో విశేషం. పరిశోధన మధ్యలో కొందరు రోగులు వేరే ఊరు వెళ్లిపోతారు, కొందరు ఆస్పత్రికి రావడం మానేస్తారు. వాళ్ల కథ చివరిదాకా తెలియకపోయినా, ఉన్నంత కాలపు సమాచారాన్ని వృథా పోనీకుండా లెక్కగట్టే ఉపాయమది. మెట్లుమెట్లుగా కిందికి దిగే ఆ గీత లేని క్యాన్సర్ పరిశోధన ఈనాటికీ అరుదే.

కానీ ఆ పద్ధతికి ఓ షరతు ఉంది. మధ్యలో వెళ్లిపోయినవాళ్లకు కూడా ముందుముందు ఆ జబ్బు వచ్చే అవకాశం, మిగిలినవాళ్లకు ఉన్నంతే ఉండాలి. ఊరు మారిన మనిషి విషయంలో అలా అనుకోవచ్చు. చనిపోయిన మనిషి విషయంలో? వాళ్లనూ ఊరు మారినవాళ్ల జాబితాలోనే చేర్చేస్తే, రాలిన కాయకు కూడా రేపోమాపో పురుగు పడుతుందని లెక్కేసినట్టే. ఫలితంగా జబ్బు ముప్పు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. రోగుల వయసు పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతూ పోతుంది. పేరున్న వైద్య పత్రికల్లోని వ్యాసాలను 2016లో జల్లెడ పట్టి చూస్తే, అక్కడా ఈ పొరపాటు తరచుగానే కనిపించింది.

మందు గొప్పా... గాలి గొప్పా?

ఇప్పుడు అసలు మెలిక చూద్దాం. పక్కపక్కనే రెండు తోటలు. ఒకదాంట్లో కొత్త పురుగుమందు కొట్టారు, రెండోదాంట్లో కొట్టలేదు. రెండింట్లోనూ వందేసి కాయలు.

మందు కొట్టని తోటలో 20 కాయలు గాలికి రాలాయి. మిగిలిన 80లో 16 పురుగు పాలయ్యాయి. 64 బుట్టలోకి వచ్చాయి. మందు కొట్టిన తోటలో 60 కాయలు రాలాయి. మిగిలిన 40లో 8 పురుగు పాలయ్యాయి. 32 మాత్రమే బుట్టలోకి వచ్చాయి.

'మా మందుతో పురుగు కాయలు సగానికి సగం తగ్గాయి' అని కంపెనీవాళ్లు ప్రకటన ఇవ్వొచ్చు. 16 ఎక్కడ, 8 ఎక్కడ! అందులో అబద్ధమేమీ లేదు. కానీ చెట్టున మిగిలిన కాయల్లో పురుగు పట్టినవి రెండు తోటల్లోనూ అయిదింట ఒకటే. అంటే, మందు పురుగును ఏమీ చేయలేదు. తొడిమలను బలహీనపరిచి కాయలను ముందే రాల్చేసింది. పురుగుకు దొరికే కాయలు తగ్గాయి కాబట్టి పురుగు కాయలూ తగ్గాయి. రైతుకు దక్కింది మాత్రం సగం పంటే!

దీనికి రెండోవైపు కూడా ఉంది. తొడిమలను గట్టిపరిచే మందు ఒకటి వచ్చిందనుకుందాం. గాలికి రాలేవి తగ్గుతాయి, చెట్టున ఎక్కువ కాయలు నిలుస్తాయి, వాటిలో పురుగు పట్టేవీ పెరుగుతాయి. పురుగు కాయలను మాత్రమే లెక్కించేవాళ్లు 'ఈ మందుతో పురుగు పెరిగింది' అని దానికి చెడ్డపేరు తెస్తారు. గుండెపోటు నుంచి మనిషిని కాపాడే మందుతోనూ అంతే. దానివల్ల పదేళ్లు ఎక్కువ బతికినవాళ్లలో కొందరికి ఆ పదేళ్లలో క్యాన్సరో మతిమరుపో రావచ్చు. అంతమాత్రాన ఆ మందే వాటిని తెచ్చిందనలేం.

నోబెల్ తర్వాతి ఏడాది...

ఇదంతా కాగితం మీద లెక్క కాదు. నిజంగానే జరిగింది... అదీ ప్రోస్టేట్ క్యాన్సర్ విషయంలోనే. ఈ క్యాన్సర్‌కు పురుష హార్మోన్ ఊతమిస్తుందనీ, దాన్ని అణిచివేస్తే క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందనీ 1941లో అమెరికా వైద్యుడు చార్లెస్ హగ్గిన్స్ నిరూపించారు. అందుకు ఒక మార్గం, స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజన్ లాంటి మాత్రలు ఇవ్వడం. ఈ కృషికి ఆయనకు 1966లో నోబెల్ బహుమతి కూడా దక్కింది.

ఆలోపే, అంటే 1960లో, అమెరికాలోని మాజీ సైనికుల ఆస్పత్రులు కలిసి ఓ పెద్ద పరిశోధన మొదలుపెట్టాయి. రోగులను లాటరీ పద్ధతిలో విడదీసి కొందరికి రోజుకు 5 మిల్లీగ్రాముల ఈస్ట్రోజన్ మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 1967లో ఫలితాలు వచ్చాయి. ఈస్ట్రోజన్ తీసుకున్నవాళ్లలో క్యాన్సర్ మరణాలు తగ్గాయి. అక్కడితో ఆపేసి ఉంటే ఆ మందు విజయం సాధించినట్టే! కానీ ఆ పరిశోధకులు మిగతా మరణాలనూ లెక్కగట్టారు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లు ఈస్ట్రోజన్ వాడినవాళ్లలోనే ఎక్కువగా ఉన్నారు. క్యాన్సర్ నుంచి దక్కిన ప్రాణాలను గుండెజబ్బు ఎత్తుకుపోయింది.

మామిడితోట కథకూ దీనికీ ఓ తేడా ఉంది. ఇక్కడి మందు నిజంగానే క్యాన్సర్ మీద పనిచేసింది. అయినా మొత్తంమీద ఆ ప్రయోజనం రోగికి అందలేదు. పరిశోధకులు దాన్ని తీసి పారేయలేదు. తర్వాతి పరిశోధనలో మోతాదు మార్చి 0.2, 1, 5 మిల్లీగ్రాములుగా ఇచ్చి చూశారు. క్యాన్సర్‌ను అణచడంలో 1 మిల్లీగ్రాము, 5 మిల్లీగ్రాములకు ఏమాత్రం తీసిపోలేదు. గుండెకు చేటు మాత్రం 5 మిల్లీగ్రాముల్లోనే బయటపడింది. అన్ని రకాల మరణాలనూ లెక్కలోకి తీసుకోబట్టే ఆ సంగతి తెలిసింది. ఆ రోగుల వివరాలు ఆ తర్వాత పోటీ ముప్పుల పాఠం చెప్పే గణాంక శాస్త్రజ్ఞులందరికీ ఉదాహరణగా మారాయి.

మశూచి నుంచి మొదలు

ఈ ఆలోచనకు మూలం ఇంకా వెనక ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపాను మశూచి వణికించేది. మశూచి పొక్కుల రసాన్ని ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎక్కించి జబ్బును తేలిగ్గా రప్పిస్తే, ఇక జన్మలో మళ్లీ రాదని అప్పటికే తెలుసు. కానీ ఆ ప్రక్రియతోనే కొందరు చనిపోయేవారు. మరి చేయించాలా వద్దా?

స్విస్ గణిత శాస్త్రవేత్త డేనియల్ బెర్నౌలీ 1760లో పారిస్ సైన్స్ అకాడమీ ముందు దీని లెక్క పెట్టారు. మశూచి అనేదే లేకపోతే సగటు ఆయుర్దాయం 26 ఏళ్ల 7 నెలల నుంచి 29 ఏళ్ల 9 నెలలకు పెరుగుతుందన్నది ఆయన అంచనా. మశూచితో పోవాల్సినవాళ్లంతా చిరంజీవులైపోరు, మిగతా జబ్బులు ఎలాగూ ఉంటాయి. ఆయన దాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. రసం ఎక్కించడంతో రెండు వందల మందిలో ఒకరు చనిపోతారనుకున్నా మొత్తంమీద లాభమేనని తేల్చారు.

అకాడమీలోనే ఉన్న మరో మేధావి డాలెంబర్ ఒప్పుకోలేదు. 'ఎప్పుడో వృద్ధాప్యంలో కలిసొచ్చే మూడేళ్ల కోసం ఇవాళ్టి ప్రాణాన్ని పణంగా పెట్టడానికి మామూలు మనిషి సిద్ధపడతాడా?' అన్నది ఆయన అభ్యంతరం సారాంశం. సగటు లెక్క వేరు, రోగి మనసులోని లెక్క వేరు. ఆ వాదన ఇప్పటికీ ఆస్పత్రుల్లో ఏదో రూపంలో నడుస్తూనే ఉంది.

రెండు కొలబద్దలు

ఇంతకీ ఈ రోజుల్లో చికిత్సలను ఎలా పోలుస్తున్నారు? తోట యజమానికీ నిపుణుడికీ చెరో కొలబద్ద ఉన్నట్టే ఇక్కడా రెండు కొలబద్దలు.

మొదటిది నిపుణుడి కొలబద్ద. ఇవాళ్టికి బతికున్నవాళ్లలో, ఈ జబ్బుకు చిక్కుతున్నది ఎంతమంది? బ్రిటన్ శాస్త్రవేత్త డేవిడ్ కాక్స్ 1972లో చూపిన పద్ధతితో ఒక్కో జబ్బుకూ విడివిడిగా ఈ లెక్క తీస్తారు. మందుకు జబ్బు మీద నిజంగా పట్టు ఉందా లేదా అన్నది దీంతో తెలుస్తుంది. ఇందులో మన తెలుగువాడి పాత్ర కూడా ఉంది. రెండు చికిత్సలను ఇలా పోల్చడానికి విరివిగా వాడే 'లాగ్ ర్యాంక్' పరీక్ష, కాక్స్ పద్ధతి వైపు నుంచి చూస్తే 'స్కోర్ పరీక్ష' అనే కోవలోకి వస్తుంది. ఆ స్కోర్ పరీక్షను 1948లో లోకానికి ఇచ్చింది ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం చదువుకున్న సి.ఆర్.రావు. 1920లో పుట్టి, నూరేళ్లు దాటి జీవించి 2023లో కన్నుమూసిన మహా గణాంక శాస్త్రజ్ఞుడాయన.

రెండోది యజమాని కొలబద్ద. మొదట్లో ఉన్న వందమందిలో చివరికి ఈ జబ్బు పాలైంది ఎందరు, వేరే కారణంతో పోయింది ఎందరు, క్షేమంగా ఉన్నది ఎందరు? ఈ లెక్క ప్రకారం చికిత్సలను పోల్చే పరీక్షను 1988లో రాబర్ట్ గ్రే రూపొందించారు. వయసు, బీపీ లాంటివాటిని కూడా కలుపుకొని చూసే పద్ధతిని జేసన్ ఫైన్‌తో కలిసి 1999లో ప్రచురించారు. ఇందులో రాలిన కాయలను ఊరు మారినట్టుగా పక్కన పెట్టరు. 'వీటికి ఇక పురుగు పట్టే ప్రసక్తే లేదు' అన్న గుర్తింపుతో లెక్కలోనే ఉంచుతారు. గుండెజబ్బుల ముప్పును అంచనా వేయడానికి 2021లో ఐరోపా వైద్యులు తెచ్చిన కొత్త పట్టికల్లో ఇతర కారణాల మరణాలను కూడా లెక్కలోకి తీసుకోవడానికి కారణం ఇదే.

రెండింట్లో ఏది గొప్ప అంటే... ఒంటరిగా ఏదీ గొప్ప కాదు. మందు కొట్టిన తోటను రెండో కొలబద్దతో మాత్రమే చూస్తే మోసపోతాం. మొదటిదాంతో మాత్రమే చూస్తే మన వంతు ముప్పు ఎంతో తెలియదు. అందుకే రెండు లెక్కలూ చెప్పాలి, అదీ ఒక్క జబ్బుకే కాదు, పోటీలో ఉన్న ప్రతి కారణానికీ చెప్పాలి. అన్నీ చెప్పినా తెలియకుండా మిగిలిపోయేది ఒకటుంటుంది. రాలిన కాయ చెట్టునే ఉండి ఉంటే దానికి పురుగు పట్టేదా? ఆ జవాబు ఏ లెక్కకూ అందదు.

1,643 మంది కథ

మళ్లీ తాతయ్య దగ్గరికి వద్దాం. అచ్చం ఆయన ఇంట్లో జరిగిన వాదన మీదే బ్రిటన్‌లో ఓ సుదీర్ఘ పరిశోధన జరిగింది. ప్రోస్టేట్ గ్రంథి దాటి బయటికి పాకని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు జట్లుగా చేశారు. అందరూ పరీక్షలకు వచ్చేనాటికి 50-69 ఏళ్ల మధ్యవాళ్లే. ఒక జట్టుకు ఆపరేషన్. ఒక జట్టుకు రేడియేషన్. మూడో జట్టుకు వెంటనే ఏమీ చేయకుండా, క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తూ, జబ్బు ముదిరే సూచన కనిపిస్తేనే చికిత్స.

సుమారు పదిహేనేళ్ల తర్వాత ఏం తేలిందన్నది 2023లో ప్రచురించారు. మొత్తం చనిపోయినవాళ్లు 356 మంది. వాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయింది ఎందరో తెలుసా? 45 మంది! మిగతా మూడు వందల పైచిలుకు మందిని తీసుకుపోయింది వేరే కారణాలే. ఆ 45 మంది కూడా ఆపరేషన్ జట్టులో 12, రేడియేషన్ జట్టులో 16, గమనిస్తూ ఉన్న జట్టులో 17గా ఉన్నారు. జట్టుకు సుమారు 550 మంది కాబట్టి ఈ తేడా చాలా స్వల్పం.

అలాగని మూడూ ఒకటే అనుకుంటే పొరపాటు. గమనిస్తూ ఉన్న జట్టులో నూటికి 9 మందికి పైగా క్యాన్సర్ ఇతర భాగాలకు పాకింది. మిగతా రెండు జట్లలో అది నూటికి 5 దరిదాపుల్లోనే ఆగింది. మరోవైపు ఆపరేషన్‌తో మూత్రం పట్టు తప్పడం లాంటి బాధలూ ఉంటాయి. కాబట్టి ఎవరికి ఏది ముఖ్యమన్నదాన్ని బట్టి నిర్ణయం మారుతుంది.

అమెరికాలోని మాయో క్లినిక్ చెప్పిన మరో సంగతి చూడండి. రక్తంలో ఒక రకం ప్రోటీన్ అసాధారణంగా కనపడేవాళ్లకు ముందుముందు మైలోమా అనే క్యాన్సర్ లాంటి జబ్బులు వచ్చే వీలుంది. అలాంటి 1,384 మందిని ఏళ్ల తరబడి గమనించి 2002లో ఫలితాలు వెల్లడించారు. ముప్పు ఏడాదికి నూటికి ఒకటి చొప్పున అని తేలింది. ఇది వినగానే 'ఇరవై ఏళ్లలో నూటికి ఇరవై' అని మనసు లెక్కేసేస్తుంది. కానీ ఆ పరిశోధన ముగిసేసరికి నిజంగా జబ్బు ముదిరింది 115 మందికి, అంటే నూటికి ఎనిమిది మందికే. సమస్య బయటపడేనాటికే వాళ్లలో సగం మంది డెబ్భై రెండేళ్లు దాటినవాళ్లు. చాలామంది ఆ జబ్బు వచ్చేదాకా లేరు. గాలికి రాలిన కాయలన్నమాట.

ఇదే లెక్క ముప్పై అయిదేళ్ల మనిషికి వర్తించదు. ఆ వయసులో పోటీకి వచ్చే ముప్పులు తక్కువ. అసలు జబ్బే ప్రధాన శత్రువు. అక్కడ గట్టి చికిత్సకు వెనకాడకూడదు. ఒకే జబ్బు, ఒకే మందు... అయినా మనవడికి మంచిదైన నిర్ణయం తాతకు మంచిది కాకపోవచ్చు.

డాక్టర్‌ను ఏం అడగాలి?

గణాంకాలు రాకపోయినా ఫర్వాలేదు. ఈ నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు.

* ఈ చికిత్సతో ఈ జబ్బు మరణాలు తగ్గాయా, మొత్తం మరణాలు కూడా తగ్గాయా?
* ఈ వయసులో, ఈ ఇతర జబ్బులతో ఉన్న వందమందిని తీసుకుంటే, పదేళ్లలో ఈ జబ్బుతో పోయేది ఎందరు? వేరే కారణాలతో పోయేది ఎందరు?
* 'సగానికి తగ్గింది' అంటే ఎంత నుంచి ఎంతకు? నూటికి ఇరవై నుంచి పదికా, రెండు నుంచి ఒకటికా?
* పరిశోధనలో పాల్గొన్నవాళ్ల వయసు, ఆరోగ్యం మా ఇంటి మనిషిలాగే ఉన్నాయా?

ఒక్క జాగ్రత్త. ఈ ప్రశ్నలు డాక్టర్‌తో కూర్చుని మాట్లాడటానికే తప్ప, ఇంట్లో సొంతంగా మందులు మానేయడానికి కాదు.

ఇంతకీ తాతయ్య ప్రశ్నకు జవాబేమిటి? 'మిమ్మల్ని తీసుకుపోయేది ఇదేనని ఎవరూ చెప్పలేరు. వందమందిలో ఎందరికి ఏమవుతుందో మాత్రం చెప్పగలం' అన్నదే నిజాయతీ గల జవాబు. ఆ మాట తర్వాత ఆపరేషనా కాదా అన్నదొక్కటే ప్రశ్న కాదు. ఆయన గుండె మందులు వేళకు పడుతున్నాయా? షుగరు అదుపులో ఉందా? బాత్రూమ్‌లో కాలు జారకుండా పట్టుకోవడానికి కమ్మీ ఉందా? క్యాన్సర్ పేరు వినపడగానే ఇంటిల్లిపాదీ మరిచిపోయే సంగతులివే. ఈసారి ఆయన ఆ మాట అన్నప్పుడు నోరు మూయించకండి. డాక్టర్‌గారి ముందు ఆయన్నే అడగనివ్వండి.